జలాశయంలో ముంచిన కొమ్మలు చేపలను పెంచుతాయా?

నీటిపిట్ట:
అమెరికాలో విద్యుత్ సంస్థలు, రాష్ట్రాల వన్యప్రాణి శాఖలు కలిసి జలాశయాల్లో చేపలకు నెలవులు కల్పిస్తున్నాయి. ఆనకట్ట కట్టినప్పుడు మునిగిన చెట్లు కొన్ని దశాబ్దాలకు కుళ్లిపోతాయి, అడుగున ఒండ్రు పేరుకుంటుంది. ఇక చేపపిల్లలు దాక్కోవడానికి చోటు ఉండదు. అందుకని పండుగ తర్వాత పారేసే క్రిస్మస్ చెట్లకు బరువులు కట్టి ముంచుతారు. ఎక్కడ, ఎంత లోతులో అన్నది శాఖ నిర్ణయిస్తే, ఖర్చులో సంస్థ పాలుపంచుకుంటుంది. ఇది మెచ్చుకోవలసిన పని కాదా?

లోతునీరు:
పని మంచిదే. కానీ చేపలు ఒకచోట చేరడం వేరు, సంఖ్య పెరగడం వేరు. కొమ్మల చుట్టూ గుమిగూడిన చేపలు గాలానికి సులువుగా చిక్కుతాయి, అంతమాత్రాన జలాశయంలో చేపలు పెరిగాయనలేం. విద్యుత్ సంస్థ ఒక్కటే చేయగలిగిన పని వేరే ఉంది. వేసవిలో లోతైన జలాశయంలో పైన వెచ్చని నీరు, కింద చల్లని నీరు పొరలుగా విడిపోతాయి. కింది పొరకు గాలి అందదు, అక్కడ కుళ్లే పదార్థం ఉన్న ఆక్సిజన్‌ను కూడా తినేస్తుంది. టర్బైన్లు ఆ నీటినే తోడి నదిలోకి వదిలితే దిగువన చేప బతకడం కష్టం. అమెరికాలో ఆనకట్టలు నడిపే విద్యుత్ సంస్థ టెన్నెసీ వ్యాలీ అథారిటీ 1991లో 16 ఆనకట్టల దగ్గర దీన్ని సరిచేయడానికి పూనుకుంది. నోరిస్ ఆనకట్టలో గాలిని తామే పీల్చుకునే టర్బైన్లు పెట్టారు. డగ్లస్ జలాశయం అడుగున సన్నని రంధ్రాల గొట్టాలు పరిచి ఆక్సిజన్ వదిలారు. సహకారమంటే నేను ఇలాంటి దాన్నే అంటాను.

నీటిపిట్ట:
అది ప్రభుత్వ సంస్థ కదండీ. లాభం చూసుకునే ప్రైవేటు సంస్థ అంత ఖర్చు ఎందుకు పెడుతుంది?

లోతునీరు:
లైసెన్సు కోసం పెడుతుంది. ప్రైవేటు జలవిద్యుత్ ఆనకట్టలకు ఫెడరల్ ఇంధన నియంత్రణ కమిషన్ 30 నుంచి 50 ఏళ్లకు లైసెన్సు ఇస్తుంది. చేపలు, వన్యప్రాణులకు విద్యుత్తుతో సమానంగా విలువ ఇవ్వాలని 1986 చట్టం కమిషన్‌ను ఆదేశించింది. గడువు ముగిసి కొత్త లైసెన్సు అడిగేటప్పుడే శాఖ మాటకు బలం. ఆ సమయంలో నాలుగు చెట్లతో సరిపెట్టుకుంటే మళ్లీ ఒక తరం ఆగాలి.

ఒడ్డుమనిషి:
మీ ఇద్దరూ నీటిమట్టం సంగతి వదిలేశారు. వసంతంలో బాస్ అనే మంచినీటి చేప ఒడ్డు దగ్గర లోతులేని నీటిలో గూడు చేసుకుంటుంది, మగ చేప గుడ్లకు కాపలా ఉంటుంది. సరిగ్గా అప్పుడే కరెంటు కోసం నీరు దించేస్తే గూడు ఎండిపోతుంది. ఎన్ని కొమ్మలు ముంచినా ఆ గుడ్లు తిరిగిరావు. ఆ కొద్ది వారాలు మట్టం నిలకడగా ఉంచడానికి సంస్థ కొంత ఉత్పత్తి వదులుకోవాలి. నన్నడిగితే లైసెన్సులో మొదట రాయించవలసిన షరతు అదే. అయితే లోతునీరు గారూ, కొమ్మలను అంత తీసిపారేయకండి. అడుగంతా బోసిపోయిన పాత జలాశయంలో పొదిగిన పిల్లలకు వేరే ఆసరా ఏముంది?

లోతునీరు:
ఒప్పుకుంటున్నాను. మట్టం నిలకడగా ఉంచుతామని రాసిచ్చిన చోట చెట్లు కూడా ముంచాలి, అప్పుడు వాటిలో దాక్కోవడానికి పిల్లలు మిగులుతాయి.