టెడ్డీ బేర్ నవలలో దొరకని ఉత్తరాన్ని పెట్టొచ్చా?

రాత్రిబండి: టెడ్డీ బేర్ పుట్టుక మీద నవల రాస్తున్నాను. 1902 నవంబరులో అమెరికా ప్రెసిడెంట్ థియోడర్ రూజ్‌వెల్ట్ (ముద్దుపేరు టెడ్డీ) మిసిసిపీ అడవికి ఎలుగుల వేటకెళ్లాడు. ఆయనకి ఒక్కటీ దొరకలేదు. గైడు హోల్ట్ కాలియర్ ఒకదాన్ని పట్టి చెట్టుకు కట్టేసి పిలిస్తే, కట్టేసినదాన్ని కాల్చనన్నాడు. దాని మీద వాషింగ్టన్ పోస్ట్‌లో బెరీమన్ కార్టూన్ వేశాడు. అది చూసి బ్రూక్లిన్‌లో మిఠాయి కొట్టు నడిపే మోరిస్ మిచ్‌టమ్, ఆయన భార్య రోజ్ ఒక గుడ్డ ఎలుగును కుట్టి కొట్టు కిటికీలో పెట్టారు. "దీనికి మీ పేరు పెట్టుకోవచ్చా?" అని మోరిస్ ప్రెసిడెంటుకి రాశాడనీ, సరేనని జవాబొచ్చిందనీ చెబుతారు. ఆ జవాబు మాత్రం ఇప్పటిదాకా బయటపడలేదు. నేను దాన్ని నవల్లో సంతకంతో సహా రాసేశాను. మా ఆవిడ చదివి "ఇది దొంగసంతకం" అంది. మీరేమంటారు?

చాటువు: ఉంచండి సార్. తెనాలి రామకృష్ణుడి కథలకి రసీదులు అడిగామా?

పాతకాగితం: అవి కథలని అందరికీ తెలుసు. మీ ఉత్తరాన్ని రేపెవరో ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతారు, ఇక అదే చరిత్ర. నాకు అంతకన్నా పెద్ద పేచీ ఇంకోటుంది. రూజ్‌వెల్ట్ ఆ ఎలుగుని వదిలిపెట్టలేదు. తను కాల్చనన్నాడు గానీ, దాని బాధ తీర్చెయ్యమన్నాడు. కత్తితో చంపారు. అప్పటికే అది కుక్కలతో పోరాడి, కాలియర్ తుపాకీ మడమ దెబ్బ తిని ఉంది. బెరీమన్ బొమ్మల్లో రానురాను బుజ్జి పిల్లయిపోయింది. మీ నవల్లో బతికిందా?

రాత్రిబండి: లేదు, చచ్చిపోయింది. ఆ చాప్టర్ రాశాక రెండ్రోజులు ఇంకేమీ రాయబుద్ధి కాలేదు.

మెట్టతామర: నన్నడిగితే కథ కాలియర్‌ది. బానిసగా పుట్టి, ఎలుగుల వేటలో ఆ చుట్టుపక్కలంతా పేరు తెచ్చుకున్న నల్లజాతి మనిషి. దాన్ని ప్రాణాలతో పట్టిందాయన, బొమ్మ మీద పేరేమో దొరగారిది. మీరూ ఆయన్ని ఒక్క వాక్యంలో దాటేశారు.

పాతకాగితం: మరి జర్మనీ? పోలియో వల్ల చక్రాల కుర్చీలో ఉండిన మార్గరెటె స్టైఫ్ బొమ్మల కంపెనీ కూడా 1903లో లైప్‌జిగ్ సంతలో కాళ్లూ చేతులూ కదిలే ఎలుగును పెట్టింది. నమూనా ఆమె మేనల్లుడు రిచర్డ్‌ది. ఓ అమెరికా వ్యాపారి 3000 ఆర్డరిచ్చాడు. వీళ్లకీ ఆ వేటకీ సంబంధమే లేదు.

చాటువు: అదీ దూర్చితే నవల ఎగ్జిబిషన్ స్టాలైపోతుంది.

రాత్రిబండి: జర్మనీ వద్దులెండి, రోజ్‌కి తెలియని సంగతి నా నవల్లో రాదు. కాలియర్‌కి ఇంకో చాప్టర్ ఇస్తాను. ఉత్తరం తీసేశాను. ఇప్పుడు మోరిస్ కొట్టుకొచ్చిన వాళ్లందరికీ జవాబొచ్చిందని చెబుతాడు. చూపించమంటే "ఇంట్లో ఉంది" అంటాడు. ఇంట్లో రోజ్ అడిగితే "కొట్లో ఉంది" అంటాడు.

మెట్టతామర: సీను బాగుంది. కానీ ఆయన్ని అబద్ధాలకోరుని చేశారు కదా, దానికేం ఆధారం?

రాత్రిబండి: మా ఆవిడా అదే అడిగింది. ఇంకా తేల్చుకోలేదు.