నోటి పూత నొప్పి తగ్గడానికి ఏం చేయాలి?

నోటి పూతతో అమ్మ చాలా బాధపడుతోంది. కింది పెదవి లోపల తెల్లటి పుండు, చుట్టూ ఎర్రటి అంచు. మాట్లాడేటప్పుడు పన్ను తగిలితే చాలు, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. గ్లాసు గోరువెచ్చని నీటిలో అర చెంచా ఉప్పు కలిపి పుక్కిలిస్తే, మొదట మండినా కాసేపు హాయిగా ఉంటోంది. పుండు మీద తేనె రాస్తే మీలో ఎవరికైనా తగ్గిందా? అమ్మకు మధుమేహం ఉంది, అందుకే నా సందేహం. సోడియం లారిల్ సల్ఫేట్ (నురుగు రావడానికి కలిపే రసాయనం) లేని టూత్‌పేస్టు వాడితే మళ్లీ మళ్లీ రాకుండా ఉంటుందా? 3 వారాలు దాటినా మానకపోతే డాక్టరుకు చూపించాలని తెలుసు, చూపిస్తాం. బి12, ఐరన్ పరీక్షలు కూడా చేయిస్తాం. ఈలోగా ఆమె నొప్పి లేకుండా నాలుగు ముద్దలు తినాలి. మీకు పనిచేసిన ఉపాయం ఉంటే దయచేసి చెప్పండి.