ఉప్పుగాలి దగ్గర కాపురం: గేటు, ఏసీ, అప్పడాలు నిలబడాలంటే ఏం చేయాలి?

కొట్టివాక్కం_కొత్తకాపు:
చెన్నైలో ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) పక్కన, సముద్రానికి 300 మీటర్ల దూరంలో పాత ఇల్లు కొనుక్కున్నాం. పై నెల దిగుతాం. చాలా ప్రశాంతమైన వీధి. మధ్యాహ్నం మూడింటికి వినపడేవి రెండే, అలల హోరు, మా గేటు కిర్రు. ఆ గేటుకు ఏటా రంగు వేసినా ఏడాది తిరగకుండా పొంగిపోతోందట. బాల్కనీ గ్రిల్లు ఇంకా అన్యాయం. ఏసీ బయటి పెట్టె ఏ గోడకు పెట్టించాలో కూడా తేలడం లేదు. ఇక వంటింట్లో ఉప్పు నీరుగారడం, వేయించిన అప్పడం గంటలో చాపలా వంగడం గురించి వీధివాళ్లే ముందుగా చెప్పారు. తెలిసినవాళ్లు కాస్త కొలతలతో సహా చెప్పండి.

ఇనుపగజాలు:
అలలు విరిగినప్పుడు లేచే తుంపర గాలిలోనే ఆరి సన్నటి ఉప్పు ధూళి అవుతుందండీ. వేసవిలో మధ్యాహ్నం తూర్పు నుంచి సముద్రగాలి తిరగ్గానే అదంతా ఇళ్ల మీద వాలుతుంది. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే నీరుగారుతుంది. సముద్రపు ఉప్పులో కలిసి ఉండే మెగ్నీషియం క్లోరైడుకు 33 శాతం తేమ చాలు. చెన్నై గాలిలో అంతకు తక్కువ తేమ ఉండే రోజులు అరుదు. కాబట్టి కంటికి పొడిగా కనిపించే ఇనుప గజం కూడా లోలోపల తడిగానే ఉంటుంది.

మీ బాల్కనీ గ్రిల్లు గేటు కంటే ముందు పాడవడానికి కారణం ఇక్కడే ఉంది. గేటును వాన కడుగుతుంది. సన్‌షేడ్ కింద ఉన్న గ్రిల్లును ఎవరూ కడగరు, ఉప్పు పొర మీద పొర పేరుకుంటుంది. పదిహేను రోజులకోసారి ఒక బకెట్ మంచినీళ్లతో, మెత్తటి గుడ్డతో గ్రిల్లు అడుగు వైపు, మూలలు తుడవండి. ఏ రంగూ చేయని మేలు ఇది చేస్తుంది.

రంగు పొంగేది కింద ఉప్పు మిగిలిపోయినందుకు. ఆ ఉప్పు రంగుపొర గుండా తేమను లాక్కుని బుడగలు కడుతుంది. మన పెయింటర్లు నేరుగా గీకుడు మొదలుపెడతారు, దాంతో ఉప్పు గరుకు గీతల్లోకి ఇంకా దిగుతుంది. ముందు కడిగించండి, ఆరాక వైర్ బ్రష్, తర్వాత 80 నంబరు ఎమరీ కాగితం, ఆపైన 120. మళ్లీ ఒకసారి కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఎండలో గంటసేపు ఆరనివ్వాలి. గీకిన ఇనుమును రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి నారింజరంగు పొడి పట్టేస్తుంది. అందుకే ఒక్క రోజులో ప్రైమర్ వేయగలిగినంత మేరే గీకించండి. పని పొద్దున ఏడింటికి మొదలై, సముద్రగాలి రాకముందే, అంటే పదకొండున్నరకల్లా ప్రైమర్ పడిపోవాలి.

ఇంత దగ్గరలో ఒట్టి రెడాక్సైడ్ చాలదు. రెండు డబ్బాలు కలిపి వాడే ఎపాక్సీ ప్రైమర్ తీసుకోండి, కనీసం జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్. వెల్డింగ్ అతుకులకు, అంచులకు ముందు బ్రష్‌తో విడిగా ఒక పూత వేయించి, ఆ తర్వాత మొత్తానికి రెండు పూతలు. పదును అంచు మీద రంగు పలచబడిపోతుంది, తుప్పు ఎప్పుడూ అక్కడే మొదలవుతుంది. ఆపైన పీయూ (పాలీయురెథేన్) రంగు గానీ ఎనామెల్ గానీ రెండు పూతలు. గేటు అడుగు అంచును వంగి చూడండి, నూటికి నూరుపాళ్లు అక్కడ బ్రష్ తగిలి ఉండదు. చదరపు బోలు గొట్టాలైతే అడుగున 6 మిల్లీమీటర్ల చిల్లి పెట్టించండి, లోపల చేరిన నీళ్లు దిగిపోవాలి.

పని ఫిబ్రవరి, మార్చిల్లో పెట్టుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనం, అప్పుడు రంగు జోలికే వెళ్లొద్దు.

కిర్రుకు బందుల్లో గ్రీజు. తాళంలో మాత్రం కొబ్బరినూనె పోయకండి, అది దుమ్మును, ఉప్పును పట్టుకుని జిగురవుతుంది. పెన్సిల్ ములుకు పొడి చేసి తాళంచెవికి అద్ది నాలుగుసార్లు తిప్పండి.

చల్లపెట్టె:
ఏసీ సంగతి. మనకు సముద్రం తూర్పున ఉంది కాబట్టి బయటి పెట్టె పడమటి గోడకు. అక్కడ వీలుకాకపోతే ఉత్తరమో దక్షిణమో, తూర్పు బాల్కనీ మాత్రం వద్దు. రాగి గొట్టాలూ అల్యూమినియం రేకులూ ఆనుకుని ఉన్నచోట ఉప్పునీరు చేరితే చిన్న బ్యాటరీ తయారైనట్టే. అందులో అరిగిపోయేది అల్యూమినియం. రేకులు తెల్లపొడిగా రాలిపోతాయి, చల్లదనం తగ్గుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది. నీలిరంగు పూత ఉన్న రేకులు కొంత మెరుగు.

నెలకోసారి ఎంసీబీ ఆపేసి, మామూలు పైపుతో నెమ్మదిగా, రేకుల గీతల వెంటే పైనుంచి కిందికి నీళ్లు పట్టండి. ప్రెజర్ వాషర్ పెడితే రేకులు వంగి గాలి ఆడదు. సర్వీసుకు వచ్చినవాళ్లు యాసిడ్ కొడతామంటే ఒప్పుకోకండి, పైపూత ఊడిపోతుంది. ప్లాస్టిక్ కవరు కప్పడం ఇంకో పొరపాటు, తేమంతా లోపలే ఉండిపోతుంది. అన్నిటికంటే ముఖ్యం, పెట్టె కూర్చున్న ఇనుప స్టాండు. ఏటా ఒకసారి దాని బోల్టులు, గోడలోకి దిగిన మేకులు చేత్తో కదిపి చూడాలి. అది ఊడితే కింద నడిచేవాళ్ల నెత్తిన పడుతుంది.

కొత్త స్క్రూలు స్టీలువే కదా అని కొనకండి. బజార్లో 202 రకం ఎక్కువ, ఇక్కడ నెలల్లో మరకలు పడుతుంది. అయస్కాంతం పెట్టి చూస్తే 202కీ 304కీ తేడా తెలియదు, బిల్లు మీద రాయించుకోండి. బయట వాడేవాటికి 316 అడగండి, అందులో కలిసే 2 నుంచి 3 శాతం మాలిబ్డినమే ఉప్పును తట్టుకునేది. దోమతెర ఇనుప జాలీ వద్దు, ఫైబర్‌గ్లాస్ వేయించండి.

కొట్టివాక్కం_కొత్తకాపు:
చాలా థాంక్సండీ. మా బోరు నీళ్లు కొంచెం ఉప్పగా ఉన్నాయి. వాటితో కడగొచ్చా? ఆర్వో నుంచి వృథాగా పోయే నీళ్లు పట్టి వాడుకోవచ్చా?

చల్లపెట్టె:
ఆర్వో నీళ్లు అసలు వద్దు, బోరు నీళ్లు కొలిచి చూశాకే. ఆర్వో వదిలే నీళ్లలో బోరు నీళ్ల కంటే ఉప్పు ఎక్కువ. నేల తుడవడానికి వాడుకోండి, ఏసీకి, గ్రిల్లుకు కాదు. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరుతో బోరు నీళ్లు చూడండి. తాగునీటి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాములు, వేరే దారి లేకపోతే 2000 వరకు. మీది 1000 దాటితే మొదటి మురికి బోరు నీళ్లతో వదిలించినా, ఆఖరి రెండు మగ్గులు మెట్రోవాటరో (నగర కుళాయి నీళ్లు) వాననీళ్లో కావాలి.

అడయారు_పిన్ని:
వంటింటి మాట నేను చెబుతానమ్మా. బల్ల మీద పెట్టే ఉప్పు సీసాలో పది పదిహేను బియ్యపు గింజలు దోరగా వేయించి, చల్లారాక వెయ్యి. నెలకోసారి మార్చు. కల్లుప్పు పింగాణీ జాడీలోనే ఉండాలి, స్టీలు డబ్బాలో పెడితే అడుగున సూదిబెజ్జాలు పడతాయి. పొయ్యి పక్కన కూడా పెట్టకు, ఆవిరి తగులుతుంది.

అప్పడం మెత్తబడేదీ ఆ తేమకే. దాంట్లోనూ ఉప్పుంది, పైగా వేగాక ఒళ్లంతా గుల్ల. వేయించి పూర్తిగా చల్లారాక డబ్బాలో వేసి గట్టిగా మూత పెట్టు. వేడిమీద మూస్తే దాని ఆవిరే దాన్ని ముంచుతుంది. మెత్తబడ్డవాటిని పెనం మీద సన్నసెగన నిమిషం తిప్పితే మళ్లీ కరకరలాడతాయి. వడియాలు ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఎనిమిదింటికల్లా డాబా మీద పెట్టి, సముద్రగాలి రాకముందే లోపలికి తెచ్చెయ్యాలి. ఆ గాలి తగిలితే పైన తేమ, లోపల ఇసుక, రెండూ పడతాయి.

ఆవకాయకు భయం లేదు. జాడీకి కట్టిన వాసెన గుడ్డ మాత్రం వారానికోసారి మార్చు, ఉతికి ఎండలో బాగా ఆరినది కట్టు. ఇత్తడి కుందులు చింతపండుతో తోమేటప్పుడు చాలామంది ఉప్పు కూడా కలుపుతారు. అది ఏ మూల కాస్త మిగిలినా నాలుగు రోజుల్లో పచ్చగా చిలుము పడుతుంది. ఉప్పు లేకుండా తోమి, మంచినీళ్లతో కడిగి, వెంటనే పొడిగుడ్డ పెట్టు.

కొట్టివాక్కం_కొత్తకాపు:
పిన్నిగారూ, మీ మాట ప్రకారమే జాడీలు సర్దుతాం. ఇంకొక్కటి అడుగుతాను. బాల్కనీ శ్లాబు అడుగున గోధుమరంగు గీత, పక్కన సన్నటి పగులు కనిపిస్తున్నాయి. పుట్టీ పెట్టించేస్తే సరిపోతుందా?

ఇనుపగజాలు:
పుట్టీ పెట్టించకండి. ఉప్పు కాంక్రీటులోకి దిగి లోపలి కమ్మీని పట్టింది. తుప్పు ఇనుము కంటే రెండింతలకు మించి చోటు అడుగుతుంది, అందుకే శ్లాబు పగిలింది. సముద్రతీరపు గాలికి తెరిచి ఉన్న కాంక్రీటుకు ఐఎస్ 456 (కాంక్రీటు కట్టడాల భారతీయ ప్రమాణం) అడిగేది కమ్మీ మీద 45 మిల్లీమీటర్ల కాంక్రీటు మందం. పాత ఇళ్లలో అందులో సగం కూడా ఉండదు. గృహప్రవేశానికి ముందే స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించండి. వదులైన కాంక్రీటు కొట్టి, కమ్మీ వెనక వరకు తవ్వి, తుప్పు పూర్తిగా తీసి, అరిగిన కమ్మీకి కొత్తది జోడించి, ఆ తర్వాతే పాలిమర్ కలిపిన సిమెంటు మోర్టార్. అది అయ్యేదాకా ఆ బాల్కనీ కింద ఎవరినీ కూర్చోనివ్వకండి, పైన పూలకుండీలు పెట్టకండి.