వెస్పా 300ను హాట్‌రాడ్ పోకడలో మార్చాలి: ముందు ఏ పని?

కుంచెగీత (ప్రశ్న)

నమస్కారం. నాది వెస్పా జీటీఎస్ 300. 278 సీసీ, నీటితో చల్లబడే ఇంజను. నాలుగేళ్లుగా నడుపుతున్నాను. దాన్ని 1932 ఫోర్డ్ హాట్‌రాడ్ల (వేగం కోసం కోసి, మార్చిన పాత కార్ల) పోకడలో తీర్చిదిద్దాలని కోరిక. మా నాన్న బోర్డులు రాసేవారు. ఆయన కుంచెలు నా దగ్గరే ఉన్నాయి. సన్నగీతలు నా చేత్తోనే గీస్తాను, ఆ పని ఇంకెవరికీ అప్పగించను.

నా మనసులో ఉన్న బండి ఇది: నిగనిగలాడని నలుపు, ముందు కవచం నుంచి వెనక్కి పాకే ఎర్రమంటలు, తెల్లంచు టైర్లు, ఒంటినిండా గాలి చీలికలు (గాలి ఆడేందుకు రేకులో కోసే సన్నటి గాట్లు), ముక్కు కిందికి దించినట్టు నిలబడే తీరు. వేగం కూడా పెరగాలి. రూపం మారి నడక పాతదే అయితే నాకు తృప్తి ఉండదు.

పోయిన నెల రేసు సైలెన్సర్ బిగించాను. శబ్దం బాగుంది. కానీ యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా టపటపమంటోంది, పూర్తిగా తిప్పినా మునుపటిలా లాగడం లేదు. ఇక సిలిండరే పెద్దది వేయించాలా?

పదో నంబరు స్పానర్ (జవాబు)

సిలిండర్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ముందు ఆ టపటప సంగతి చూడాలి. సైలెన్సర్ గొట్టం ఇంజనుకు కలిసేచోట గాస్కెట్ (సందు మూసే పొర) సరిగ్గా కూర్చోకపోతే బయటి గాలి లోపలికి దూరి, మిగిలిన పెట్రోలు గొట్టంలోనే మండుతుంది. గాస్కెట్ కొత్తది వేసి బిగించి చూడండి.

లాగకపోవడానికి కారణం వేరే ఉండవచ్చు. మామూలు నడకలో ఆక్సిజన్ సెన్సర్ చూసుకుంటూ బండిలోని కంప్యూటర్ ఒక వంతు పెట్రోలుకు 14.7 వంతుల గాలి చొప్పున సరిచేస్తుంది. పూర్తిగా తిప్పినప్పుడు మాత్రం తనలో ముందే రాసి ఉన్న లెక్కనే నమ్ముతుంది. ఆ లెక్క పాత సైలెన్సర్‌కు రాసింది. ఇప్పుడు గాలి ఎక్కువగా ఆడితే పెట్రోలు చాలదు. అలాగే చాలాకాలం నడిపితే పిస్టన్ వేడెక్కి పాడవుతుంది. ఇంధనం లెక్క మార్పించే వరకు పాత సైలెన్సర్ తిరిగి పెట్టుకోవడం మంచిది.

తర్వాత వేరియేటర్, అంటే ఇంజను శక్తిని బెల్టుకు అందించే కప్పీ. నా దృష్టిలో స్కూటర్‌కు అసలైన గేర్‌బాక్సు అదే, దాన్ని వదిలేసి సిలిండర్ గురించి మాట్లాడేవాళ్లను చూస్తే బాధేస్తుంది. లోపల ఆరు రోలర్లు ఉంటాయి. వాటి బరువు తగ్గిస్తే ఇంజను ఎక్కువ తిరిగాకే బెల్టు పైకి ఎక్కుతుంది, పికప్ పెరుగుతుంది. మరీ తగ్గిస్తే ఇంజను అరుస్తుంది తప్ప బండి కదలదు. ఒక్కోదానికి ఒక గ్రాము చొప్పున మార్చి, ప్రతిసారీ అదే ఎక్కుడు రోడ్డు మీద నడిపి, ఏం తేడా వచ్చిందో కాగితం మీద రాసుకోండి. ఇంజను ఏ తిరుగుడు దగ్గర ఎక్కువ శక్తినిస్తుందో అక్కడే నిలబడేలా రోలర్లు కుదిరాయంటే సగం పని అయినట్టే.

ఇవన్నీ కుదిరాక కూడా చాలదనిపిస్తే అప్పుడు సిలిండర్. మీ బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) 75 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 63. బోరు 82 చేస్తే 333 సీసీ దాకా వస్తుంది. అయితే అంతకన్నా ముందు బ్రేకులు. గంటకు 100 కిలోమీటర్ల నుంచి 120కి వెళితే ఆపాల్సిన శక్తి 1.44 రెట్లు అవుతుంది. మంచి ప్యాడ్లు, ఉక్కు అల్లిక ఉన్న బ్రేకు గొట్టం వేయించండి.

రేకుపని

గాలి చీలికల గురించి ఒక్క మాట, దయచేసి వినండి. పాత ఫోర్డులో చట్రం వేరు, పైన బాడీ వేరు. అందుకే దక్షిణ కాలిఫోర్నియాలో మ్యూరాక్, ఎల్ మిరాజ్ ఎండు సరస్సుల మీద పరుగు తీసిన కుర్రాళ్లు మడ్‌గార్డులు పీకేశారు, పైకప్పు కోసి దించారు. చట్రానికి ఏమీ కాలేదు. వెస్పాలో ఆ వీలు లేదు. విమానాల ఇంజనీరు కొరాడినో డి ఆస్కానియో ఒత్తిన ఉక్కు రేకుతో గీసిన తొలి వెస్పా 1946లో బయటికి వచ్చింది. ఆ రేకే చట్రం. కాళ్లు పెట్టుకునే చోటనో, సీటు కింది గోడలోనో కోశారంటే బండి వెన్నెముక కోసినట్టే. చీలికలు కావాలంటే విప్పడానికి వీలున్న పక్క పలకలకే పెట్టండి. అదనంగా ఒక జత కొని వాటిమీద పని చేయండి, అసలువి దాచుకోండి.

ముక్కు దించడంలోనూ జాగ్రత్త. ముందు షాక్ అబ్జార్బర్ పొట్టిదైతే హ్యాండిల్ కోణం నిటారుగా మారుతుంది, వేగంలో బండి నిలకడ తప్పి ఊగవచ్చు. వంపుల్లో స్టాండు నేలకు తగులుతుంది.

కుంచెగీత

ఇద్దరికీ కృతజ్ఞతలు. గాస్కెట్ ఒక పక్క మసిబారి ఉంది, కొత్తది వేశాక టపటప బాగా తగ్గింది. పాత సైలెన్సర్ కూడా తిరిగి పెట్టేశాను. కాళ్లు పెట్టుకునే చోట కోసే ఆలోచన వదులుకున్నాను. నిజానికి రేపో మాపో రంపం పట్టేవాణ్ణి.

నలుపు గురించి అడగాలి. పాత హాట్‌రాడ్లలో చాలా వాటికి ప్రైమరే (రంగుకు ముందు పూసే అడుగు పూతే) పైరంగు. నేనూ అలాగే వదిలేయవచ్చా?

రేకుపని

వద్దు. ప్రైమర్ తేమ పీల్చుకుంటుంది, కింద ఉక్కు తుప్పు పడుతుంది. మీ చట్రం రేకే అన్నది మరవకండి. ప్రైమర్ మీద నల్లరంగు, దానిమీద మెరుపు లేని క్లియర్ కోటు (రంగులేని పైపూత) కొట్టించండి. గీతలు మాత్రం క్లియర్‌కు ముందే గీయాలి. టైర్ల అంచుకు తెల్లరంగు పూయకండి, రబ్బరు వంగినప్పుడల్లా పగులుతుంది. 12 అంగుళాల తెల్లంచు టైర్లే దొరుకుతాయి.

కుంచెగీత

అలాగే చేస్తాను. ఈ వారం రోలర్లు, వచ్చే వారం బ్రేకులు. రంగు చివర్లో. పాత పక్క పలక మీద నిన్న రాత్రి నాన్న పొడవు కుంచెతో గీత గీసి చూశాను. మొదటి మూడూ వణికాయి. ఊపిరి బిగబట్టి, మోచేయి కదలకుండా భుజంతో లాగితే నాలుగోది తిన్నగా వచ్చింది.