అప్‌డేట్: విదేశం నుంచి వచ్చిన ఆ ఆక్సిజన్ సిలిండర్ సంగతి

నాన్న కోసం 2021లో బంధువులు విదేశం నుంచి తెప్పించిన సిలిండర్‌ను ఇక్కడ మళ్లీ నింపించుకోవచ్చా అని అడిగాను కదా. కుదరలేదు. ఫిల్లింగ్ ప్లాంట్‌లో ఒక పెద్దాయన సిలిండర్ మెడ దగ్గర పెయింట్ గీకి, చెక్కిన అక్షరాలన్నీ టార్చి వేసి చదివారు. సీరియల్ నంబరు, టెస్ట్ ప్రెషర్ ఉన్నాయి. పెసో (పేలుడు పదార్థాలు, గ్యాస్ సిలిండర్ల భద్రతను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఆమోదం తాలూకు కాగితం మాత్రం మా దగ్గర లేదు. "అది లేకుండా నింపకూడదమ్మా, లోపల దగ్గర దగ్గర 150 బార్ ప్రెషర్ ఉంటుంది" అన్నారు.

గ్యాస్ సిలిండర్స్ రూల్స్, 2016 ప్రకారం దిగుమతి చేసుకున్న సిలిండర్‌కీ, దాని వాల్వ్‌కీ పెసో అధిపతి అయిన చీఫ్ కంట్రోలర్ ఆఫ్ ఎక్స్‌ప్లోజివ్స్ ఆమోదం ఉండాలి. పెసో ప్రధాన కార్యాలయం నాగ్‌పూర్‌లో ఉంది. కోవిడ్ వేళ విదేశీ ఫ్యాక్టరీలకు స్వయంగా వెళ్లి చూడటం ఒక్కటే తాత్కాలికంగా పక్కన పెట్టారు. హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో సిలిండర్ బలం చూసే పరీక్ష), థర్డ్ పార్టీ తనిఖీ సర్టిఫికెట్లు అప్పుడూ అడిగారు. ఆ సడలింపు సబబే, మనుషులు ఊపిరాడక పోతున్న రోజులవి. కానీ సిలిండర్‌తో పాటు కాగితాలూ చేతికి రావాలని కొన్నవాళ్లకు ఎవరూ చెప్పకపోవడం చాలా అన్యాయం.

సిలిండర్‌ను పక్కన పెట్టేశాం. ఆమోదం ఉన్నది అద్దెకు తెచ్చాం, నాన్నకు ఇబ్బంది లేదు. కాగితాల కోసం అమ్మిన సంస్థకు రాశాను, ఇంకా జవాబు రాలేదు.