అప్‌డేట్: మా ఆయన షుగర్ టాబ్లెట్లకు ఎందుకు తగ్గలేదో తెలిసింది

రెండు నెలల కింద ఇక్కడ అడిగాను. మా ఆయనకు 36 ఏళ్లు, సన్నగా ఉంటారు, ఇంట్లో ఎవరికీ షుగర్ లేదు, ఏడాదిగా టాబ్లెట్లు వేసుకుంటున్నా ఫాస్టింగ్ 240 దాటుతోంది, బరువు తగ్గిపోతున్నారు అని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

ఇన్సులిన్ తయారుచేసే కణాల మీద ఒంటి రక్షణ వ్యవస్థే దాడి చేస్తోందా అని చూసే గాడ్ యాంటీబాడీ, ఒంట్లో ఇన్సులిన్ ఎంత తయారవుతోందో చెప్పే సి-పెప్టైడ్ పరీక్షలు చేయించమన్న సలహానే పనిచేసింది. కూకట్‌పల్లిలో హార్మోన్ల జబ్బులు చూసే ఎండోక్రైనాలజిస్ట్‌కు చూపించాం. యాంటీబాడీ పాజిటివ్, సి-పెప్టైడ్ బాగా తక్కువ. టైప్ 2 కాదు, అలా సొంత రక్షణ వ్యవస్థే దాడి చేయడం వల్ల పెద్దవాళ్లలో నెమ్మదిగా వచ్చే ఆటోఇమ్యూన్ షుగర్, లాడా అంటారట. ఇన్సులిన్ మొదలుపెట్టాక ఫాస్టింగ్ 120 దగ్గర ఉంటోంది, బరువూ నిలబడింది. ఆయన మొహంలో మళ్లీ కళ చూస్తున్నాను.

నైట్ షిఫ్ట్ టెన్షన్ వల్లా, రాత్రి బిర్యానీల వల్లా అని నేను ఆయన్ని ఎంత సాధించానో! యాంటీబాడీలు వాటివల్ల రావని డాక్టర్ చెప్పారు. హెచ్‌ఎల్‌ఏ అనే జన్యువుల వల్ల ఒంట్లో మొగ్గు ఉంటుంది, కానీ ఒకే పోలిక కవలల్లో కూడా ఒకరికి వచ్చి మరొకరికి రాకపోవచ్చు. కొన్ని వైరస్‌ల మీద అనుమానం ఉన్నా, ఒక మనిషికి ఫలానాదాని వల్లే వచ్చిందని తేల్చలేరట. కుటుంబంలో ఎవరికీ లేకపోవడం కూడా మామూలే.

థైరాయిడ్ కూడా చూశారు, ఈ రకం షుగర్, థైరాయిడ్ జబ్బు జంటగా వస్తుంటాయి కాబట్టి. నార్మల్. పాపకు ఇప్పుడు పరీక్షలేం రాయలేదు. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, బరువు తగ్గడం కనిపిస్తే వెంటనే తీసుకురమ్మన్నారు.