అప్‌డేట్: మా క్యాంపస్ తోటలో చేరాను

విశాఖలో మా కాలేజీ విద్యార్థులే నడిపే తోటలో, మట్టి ముట్టని బీకాం అమ్మాయిని చేర్చుకుంటారా అని రెండు నెలల క్రితం అడిగాను. "ఫారం కోసం చూడకు, పొద్దున్నే వెళ్లి నిలబడు" అని ఒకరు చెప్పారు. అదే చేశాను. ఆరింటికి వెళ్తే ఒక సీనియర్ అక్క పేరైనా అడగకుండా చేతికి పార ఇచ్చింది. వాళ్లకు మనుషులే కావాలట!

మొదటి వారమంతా కలుపు తీయడమే. తర్వాత జీవామృతం, అంటే మొక్కలకు పోసే సహజ ద్రవ ఎరువు, కలిపాం. 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల ఆవు పేడ, 10 లీటర్ల ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి, గట్టు మీది గుప్పెడు మట్టి. డ్రమ్మును నీడలో పెట్టి, గోనెపట్టా కప్పి, 48 గంటలపాటు పొద్దునా సాయంత్రం కర్రతో తిప్పాలి. ఆ తిప్పే పని నాదే. వాసనకు భయపడ్డాను కానీ రెండో రోజుకే అలవాటైపోయింది.

నా మడిలో తోటకూర, గోంగూర వేశాను. మా ఎర్రమట్టిలో తడి త్వరగా ఆరిపోతుంది, అందుకే ఎండుటాకులు కప్పుతున్నాం. తోటకూర నాలుగు వారాలకే కోతకొచ్చింది. తొలి కట్ట అమ్మకి ఇచ్చాను, పప్పులో వేసింది.

సెలవుల్లో నీళ్లెవరు పెడతారన్నదే టెన్షన్. మధురవాడ నుంచి వచ్చే ఇద్దరు ఒప్పుకున్నారు. నేనూ వారానికి మూడు రోజులు వెళ్తాను.